తీసేసిన చప్పుడు

ముందు వినిపించేది ఏసీ. తలుపు తెరవకముందే, వరండాలో చెప్పులు విడుస్తుండగానే, లోపల ఒక రేకు కటకటమని కొట్టుకుంటుంది. కాసేపు ఆగుతుంది. ఏదో గుర్తుకొచ్చినట్టు మళ్లీ మొదలవుతుంది. సౌదీలోని దమ్మామ్‌లో గోదాముల వరస దాటాక ఉన్న ఆ మూడంతస్తుల క్యాంపులో ఎన్ని గదులుంటే అన్ని ఏసీలు. అన్నీ కలిసి దూరపు సముద్రంలా ఒకటే హోరు. ఆ హోరులో ఈ గది ఏసీ ఒక్కటే దగ్గుతూ ఉంటుంది.

ఆ గదిలో ఉండేది ఏసీ మెకానిక్ లింబాద్రి.

"ఊరందరి ఏసీలు బాగుజేస్తవు, నీ నెత్తిమీదిది ఎందుకు జెయ్యవే ఎంపీత్రీ?" అని గదిలోవాళ్లు ఎగతాళి చేస్తారు. లింబాద్రి చాయ్ గ్లాసులు కడుగుతూ నవ్వి ఊరుకుంటాడు.

ఎంపీత్రీ అన్న పేరు క్యాంపు పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే మొదట్లో ఛాతీ కొంచెం పొంగేది. ఇప్పుడు చూపు కిందికి దిగుతుంది.

కోరుట్ల దగ్గరి పల్లె అతనిది. ఐటీఐ సగంలో వదిలేసి హెల్పర్ వీసా మీద వచ్చాడు. మేడలెక్కి, మండే రేకుల మీద మోకాళ్లూని, ఒక కేరళ మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం వినడం. స్క్రూడ్రైవర్ కొన మిషన్‌కు ఆనించి, పిడిని చెవి ఎముకకు నొక్కి పెట్టి వినాలి. బాగున్న మిషన్ గాలిలా పాడుతుంది, రోగమొచ్చిన మిషన్ నములుతుంది, గీకుతుంది, మూలుగుతుంది. ఏ చప్పుడు ఎక్కడిదో పట్టుకుని తీసేస్తే పని అయినట్టే. ఏళ్ల తరబడి అదే పని చేసేసరికి చప్పుడంటేనే జబ్బు అన్న నమ్మకం లింబాద్రి లోపల ఎక్కడో గట్టిపడింది.

అతనికి చెయ్యి తిరిగిన పని ఇంకొకటి ఉంది, కార్టన్ కట్టడం. సెలవు మీద ఇంటికి పోయే ప్రతివాడూ ఒక పెద్ద అట్టపెట్టె నింపుకుంటాడు. దుప్పట్లు, ఖర్జూరాలు, బాదం, పాలపొడి డబ్బాలు, పిల్లలకు చాక్లెట్లు. తాడుతో బిగించి తూకం కొక్కేనికి వేలాడదీస్తే ముల్లు ఎప్పుడూ విమానం వాళ్లు ఒప్పుకునే గీత దాటే ఉంటుంది. అప్పుడు లింబాద్రిని పిలుస్తారు. అతడు పెట్టె విప్పి, దేని బరువు ఎంతో చేత్తోనే చూసి, కొన్ని పక్కన పెడతాడు. దుప్పటిలోని గాలి మోకాలితో నొక్కి తీస్తాడు. డబ్బా పారేసి పాలపొడి సంచి ఒక్కటే ఉంచుతాడు. తాడు మళ్లీ బిగుస్తుంది, ముల్లు గీత మీద నిలబడుతుంది. ఏది తీసెయ్యవచ్చో తన చేతికి తెలుసని అతని ధీమా.

పక్క ఊరు ధహ్రాన్‌లో ఒక ఇంజనీరు దేశం విడిచి పోతూ తన పాత ల్యాప్‌టాప్ అతనికి ఇచ్చి వెళ్లాక, అదే ధీమా ఫోన్ల మీదికి మళ్లింది. క్యాంపులో అందరివీ చవక ఫోన్లే. వాటి నిండా ఇంటి గొంతులే. పండగ నాటి పాటలు, పసిబిడ్డ మొదటి మాట, పెండ్లి బ్యాండు, ఊరి పంచాయితీ. ఫోన్ నిండిందని తెర మీద ఎర్ర అక్షరాలు పడగానే మనుషులు బిత్తరపోయి లింబాద్రి మంచం పక్కకు వచ్చి కూర్చునేవాళ్లు. అతడు రికార్డులను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, లావుపాటి ఫైళ్లను ఎంపీత్రీగా మార్చి, బక్కవి చేసి తిరిగి ఇచ్చేవాడు. ఎట్లా చేస్తావంటే కార్టన్ కట్టినట్టే అనేవాడు. మనిషి చెవి పట్టించుకోని చప్పుళ్లను ఆ పద్ధతి ముందే ఏరి పారేస్తుందట. మిగిలినదాన్ని మడతపెట్టి ఉంచుతుందట. పోయిందేదో ఎవరికీ తెలియదు, అందుకే పోయినట్టు కాదు. అట్లా చెప్పుకునేవాడు.

ఎదురు మంచం బుచ్చన్నది.

బుచ్చన్న మెట్‌పల్లి వైపు మనిషి, క్యాంపులోని తెలుగువాళ్లలో పెద్దవాడు, ప్లంబర్. గోడల్లో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో వెతుక్కునే మనిషి కాబట్టేమో, మాట బయటికి కారనిచ్చేవాడు కాదు. అతని మంచం ఏసీ కిందే. అప్పట్లో ఆ ఏసీ రేకు ఇంకా అంత వదులుగా లేదు.

బుచ్చన్న భార్య ముత్యవ్వ ఊళ్లో బీడీలు చుట్టేది. మొగుడితో ముచ్చట పెట్టడానికి ఆమెకు దొరికేది పొద్దుగూకే వేళ ఒక్కటే, మర్నాటికి తునికాకు కత్తిరించుకునే వేళ. చేతుల్లో కత్తెర, ఒళ్లో చాట. ఫోన్ మీద బొత్తాం నొక్కి పట్టుకుని మాట్లాడడానికి చేతులేవి? అందుకని కూతురు సృజన ఫోన్‌లోని రికార్డర్ తెరిచి, చాట పక్కన నేల మీద పెట్టి పోయేది. ముత్యవ్వ ఆకు కత్తిరిస్తూ, ఎదురుగా మొగుడు కూర్చున్నట్టే మాట్లాడుతూ పోయేది. బర్రె ఈనిందని, వాడకట్టులో ఎవరికి ఎవరు ఎడమొహమయ్యారని, కార్ఖానాలో ఎన్ని బీడీలు బాగాలేవని చాటన్ చేసి వాపసు కొట్టారని. చీకటి పడ్డాక సృజన వచ్చి రికార్డర్ ఆపి, మొత్తం ఫైలును తండ్రికి పంపి, తన ఫోన్‌లో చోటు కోసం అక్కడ తీసేసేది. బాపు దగ్గర ఉంటాయి కదా అని ఆ పిల్ల ధైర్యం.

ఆ రికార్డర్ ఒక్క చప్పుడునూ వదలని రకం. ఒక సాయంత్రానిది ఒక కొండ. బుచ్చన్న ఫోన్‌లో అట్లాంటి కొండలు వరసగా పెరిగాయి.

ఆ ఏడాది కంపెనీ హాజరుకు ఫోన్‌లోనే ఒక యాప్ పెట్టింది. పొద్దున అందులో ముఖం చూపించనివాడు పనికి రానట్టే లెక్క. బుచ్చన్న ఫోన్‌లో ఆ యాప్‌కు జాగా లేదు. రెండు రోజులు పనిచేసి కూడా గైర్హాజరు పడ్డాక, ఫోన్‌ను అరచేతిలో పిట్టలా పట్టుకుని లింబాద్రి దగ్గరకు వచ్చాడు.

"తమ్మీ, ఇందుల మీ వదిన ముచ్చట్లున్నయి. జర చిన్నగ జెయ్యి."

లింబాద్రి ఆ పని ప్రేమగా చేశాడు. అదే ఇప్పటికీ అతన్ని తొలిచేది. నిర్లక్ష్యంగా చేసి ఉంటే కనీసం ఒక సాకు మిగిలేది.

మొదటి రికార్డు వినగానే మెకానిక్ చెవి నిక్కబొడుచుకుంది. ఆమె గొంతు వెనక పాత ఫ్యాన్ మోత. గొంతు మీద నుంచే కత్తెర ఆకును కొరికే చప్పుడు, కిచుక్, కిచుక్. మాటకూ మాటకూ మధ్య ఏమీ లేని పెద్ద పెద్ద ఖాళీలు. ఇంత గాలితో కార్టన్ కడతారా ఎవరైనా? కొత్తగా దించుకున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో రెండు గడులున్నాయి. ఒకదానికి టిక్కు పెడితే మనిషి గొంతు తప్ప మిగతా చప్పుళ్లన్నీ పోతాయి. రెండోదానికి పెడితే మౌనం ఎక్కడున్నా కత్తిరించి రెండు మాటలను దగ్గరికి చేర్చి కుడుతుంది. లింబాద్రి రెండింటికీ టిక్కు పెట్టాడు. గొంతు అద్దంలా బయటికొచ్చింది. కొండలన్నీ గులకరాళ్లయ్యాయి.

ఒక్క ఫైలు దగ్గర మాత్రం మిషన్ చిత్రం చేసింది. అరగంట రికార్డు లోపలికి పోయి, చిటికెడు మిగిలి బయటికొచ్చింది. అసలుది తెరిచి అక్కడక్కడ విన్నాడు. ముత్యవ్వ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొదటి నుంచి చివరి దాకా కత్తెరే. చివర్లో ఒక్క దగ్గు.

లింబాద్రికి నవ్వొచ్చింది.

"అన్నా, వదిన బంద్ జెయ్య మర్సినట్టున్నది. ఇందుల ఏం లేదే, ఉత్త కత్తెర. తీసెయ్యాల్నా?"

గదిలో మిగతావాళ్లూ నవ్వారు. ఒకడు, పెండ్లాం కత్తెర వినుకుంట పండుకుంటడేమో అన్నాడు. బుచ్చన్న కూడా నవ్వినట్టే మొహం పెట్టాడు. ఏదో అనబోయి తువ్వాలు భుజం మార్చుకున్నాడు. తర్వాత, ఆఁ తియ్యి తియ్యి అన్నాడు, చేత్తో ఈగను తోలినట్టు.

లింబాద్రి తీసేశాడు. ఫోన్‌లో ఉన్న అసలు ఫైళ్లన్నీ తీసేశాడు. కొన్నాళ్లకు ల్యాప్‌టాప్ కూడా నిండితే అందులోవీ ఊడ్చేసి, ఇంకొకరి పెండ్లి పాటలు ఎక్కించాడు. బుచ్చన్న ఫోన్‌లో హాజరు యాప్ హాయిగా సర్దుకు కూర్చుంది. పొద్దున్నే అది బుచ్చన్న ముఖం చూసి పచ్చగా వెలిగేది.

ముత్యవ్వ దగ్గు తగ్గలేదు. మొదట తంబాకు దుమ్ము అనుకున్నారు. తర్వాత గొంతులో గడ్డ అన్నారు. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి, ప్రాణం దక్కించి, గొంతుపెట్టె తీసేశారు. ఇక మాట రాదని సృజన తండ్రికి ఏడ్వకుండా చెప్పింది. చెప్పాక ఒకటి అడిగింది. అమ్మ రికార్డులు నీ దగ్గరున్నయి గదా బాపూ, అవి పంపు, అమ్మకు వినిపిస్త. తన గొంతు ఎట్లుండెనో మర్సిపోతనేమో అని అమ్మ బుగులు వడుతున్నది.

బుచ్చన్న ఆ సంగతి లింబాద్రికి చెప్పినప్పుడు, లింబాద్రికి ముందు గర్వంగా అనిపించింది. తాను దాచి ఇచ్చిన గొంతు అది. ఒక్క మాట పోకుండా, దుమ్ము దులిపి, చిన్న పొట్లం కట్టి ఇచ్చాడు. కూర్చుని తానే అన్నీ పంపాడు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీడియో కాల్ వచ్చింది. తెరలో మంచం మీద ముత్యవ్వ, మెడకు తెల్లటి గుడ్డ. పక్కన సృజన ఇంకో ఫోన్‌లో రికార్డు పెట్టింది. ముత్యవ్వ గొంతు ఊళ్లో మోగింది, అక్కడి నుంచి సముద్రం దాటి దమ్మామ్‌లో మోగింది. బర్రె ముచ్చట. ఆమె ముఖం విచ్చుకుంది. తన గొంతును తానే చేత్తో తాకి చూసుకున్నట్టు, మెడ గుడ్డ మీద వేళ్లు పెట్టుకుంది.

కాసేపటికి ఆ ముఖంలో ఏదో తడబాటు. అటూ ఇటూ చూసింది. ఒంగి ఫోన్ దగ్గరగా చెవి పెట్టింది. తర్వాత తలెత్తి, తెరలోకి, మొగుడి వైపు చూస్తూ కుడిచేతి రెండు వేళ్లు చాచింది. కత్తెరలా ఆడించింది. ఆడించి, అరచెయ్యి పైకి తిప్పి ఖాళీగా చూపించింది.

"కత్తెర ఏదని అడుగుతున్నది బాపూ," అన్నది సృజన. "నాకూ అదే అనిపిస్తున్నది. అమ్మ ఎన్నడు గింత ఉరుకులాడి మాట్లాడలే. మధ్యమధ్యల ఆగేది గదా. ఇది అమ్మ గొంతే గని, అమ్మ గాదు."

బుచ్చన్న వెనక నిలబడి చూస్తున్న లింబాద్రికి అప్పుడు వినిపించింది, ఆ రికార్డు మొదటిసారి నిజంగా వినిపించింది. ఊపిరి లేదు. బస్సు కదులుతుంటే స్టేజీల పేర్లు చదివే కండక్టరులా మాట వెంట మాట, మాట వెంట మాట. బర్రె ఈనింది పొద్దుగూకింది పాలు పిండినం నువ్వుంటె బాగుండు ఆకు అయిపోయింది. "నువ్వుంటె బాగుండు" తర్వాత ఆమె ఎంతసేపు ఆగిందో, ఆ ఆగిన చోట ఎన్ని ఆకులు తెగాయో, ఆ లెక్కంతా తన రెండు టిక్కుల కింద పోయింది.

అది లింబాద్రి చేసిన పని అని బుచ్చన్న వాళ్లకు చెప్పలేదు. కాల్ అయ్యాక ఫోన్ బోర్లా పెట్టి, చాలా మామూలుగా అడిగాడు.

"తమ్మీ, మాట్లాడంది ఒకటుండె సూడు. అదన్న యాడనన్న ఉన్నదా?"

లేదన్నాడు లింబాద్రి.

అప్పుడు బుచ్చన్న చెప్పిన ముచ్చట, ఆ గదిలో అతడు చెప్పిన అన్నిటికంటే పొడుగైంది. అంతకుముందు ఏడు తన సెలవును కంపెనీ ఆఖరి నిమిషంలో రద్దు చేసింది. వస్తానని ఇంట్లో సున్నం కూడా వేయించుకున్నారు. ముత్యవ్వకు కోపమొచ్చింది. ఆ సాయంత్రం కూతురు ఎప్పటిలాగే ఫోన్ పెట్టి పోతే, ఆమె ఆకు కత్తిరిస్తూ కూర్చుంది గానీ నోరు తెరవలేదు. అరగంట. కానీ లేచిపోలేదు, బంద్ చెయ్యమనలేదు, పంపొద్దనలేదు. కోపమైనా నా దగ్గర కూసొనే పడ్డది, అన్నాడు బుచ్చన్న. రోజూ పడుకునేటప్పుడు చెవిలో అదే పెట్టుకునేవాడట. మాటలున్నవి వింటే మనసు ఊరి మీదికి పోతుంది, నిద్ర రాదు. అది వింటే ఆమె పక్కనే ఉండి పని చేసుకుంటున్నట్టు ఉండేదట.

మరి తియ్యమన్నవు గదా అన్నా, అన్న మాట లింబాద్రి నాలుక దాకా వచ్చింది. ఆ రోజు గదిలో లేచిన నవ్వు గుర్తుకొచ్చి ఆగిపోయాడు. ఆ నవ్వు మొదలుపెట్టింది తనే.

ఆ తర్వాత కొన్ని వారాలు లింబాద్రి చేసినవన్నీ పిచ్చిపనులు. బజారులో ఫోన్లు బాగుచేసే పాకిస్తానీ ఇష్తియాక్ దగ్గరకు ల్యాప్‌టాప్ మోసుకుపోయాడు. ఇష్తియాక్ పాత ఫైళ్లను తవ్వి తీసే సాఫ్ట్‌వేర్లు తిప్పి తిప్పి చూశాడు. ఆ జాగాలో ఎవరిదో పెండ్లి బ్యాండు కూర్చుని ఉంది. ఉత్త చేతులతో తిరిగి రావడం ఇష్టం లేక లింబాద్రి తానే ఒక ఉపాయం పన్నాడు. పెద్దదాన్ని చిన్నది చేసిన మిషన్ చిన్నదాన్ని పెద్దది చెయ్యదా? ఎంపీత్రీలన్నిటినీ తిరిగి పాత రకం ఫైళ్లుగా మార్చాడు. మారాయి. గులకరాళ్లు మళ్లీ కొండలయ్యాయి. తెర మీద ఆ బరువును రెండుసార్లు చూసుకున్నాడు. చెవిలో పెట్టుకుని విన్నాడు. అదే ఉరుకులాట, అదే ఊపిరాడని గొంతు. బరువు ఒక్కటే తిరిగొచ్చింది.

"నికల్ గయా సో నికల్ గయా, భాయీ," అన్నాడు ఇష్తియాక్, మెల్లగా మూత వేస్తూ. పోయింది పోయింది. పెట్టెను పెద్దది చేసినంత మాత్రాన అందులోంచి తీసేసిన సామాను వచ్చి కూర్చోదని నచ్చజెప్పి, చాయ్ తెప్పించాడు.

ఇంకొకటి మిగిలింది. ముత్యవ్వ మళ్లీ ఒక్క సాయంత్రం ఆకు కత్తిరిస్తే చాలు, సృజన రికార్డు చెయ్యవచ్చు. సిగ్గు చంపుకుని సృజనను అడిగాడు. ఆకునూ తంబాకునూ ఇంటి గడప తొక్కనియ్యొద్దని డాక్టర్లు చెప్పారని, చాట, కత్తెర పక్కింటామె తీసుకుపోయిందని ఆ పిల్ల చెప్పింది. అయితే పక్కింటామె కత్తిరించేదన్నా పంపమన్నాడు. సృజన పంపింది. బుచ్చన్న గౌరవంగా మొత్తం విన్నాడు.

"అదే కత్తెర," అన్నాడు. "చెయ్యి వేరే."

తిడితే బాగుండేది. బుచ్చన్న తిట్టలేదు. ఎప్పటిలా పొద్దున్నే లేచి లింబాద్రి గ్లాసులో కూడా చాయ్ పోసేవాడు. ఆ చాయ్ తాగడమే లింబాద్రికి కష్టమయ్యేది.

భార్య దగ్గర ఉండడానికి బుచ్చన్న ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ పెట్టుకున్నాడు. కాగితాలయ్యాయి. అతని కార్టన్ లింబాద్రే కట్టాడు. తూకానికి వేలాడదీస్తే ముల్లు గీత దాకా కూడా రాలేదు. ఇంకేమన్నా పెట్టమంటే, ఏం పెట్టాల్నని నవ్వాడు. అప్పటికి ఏసీ రేకు వదులై కటకటమంటోంది. చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి లింబాద్రి స్టూలు వేసుకుని ఎక్కాడు. ఒక్క స్క్రూ. సగం తిప్పితే చాలు.

"ఉండనియ్యి తమ్మీ," అన్నాడు బుచ్చన్న కింద నుంచి. "నీ ఫైలు పోయినంక, నాకు నిద్ర వట్టిచ్చింది ఇదే."

నా ఫైలు అనలేదు, నీ ఫైలు అన్నాడు. నోరు జారి అన్నాడో, ఏమో. లింబాద్రి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని స్టూలు దిగాడు.

ఇప్పుడు ఆ మంచం మీద నిర్మల్ నుంచి వచ్చిన కొత్త మనిషి పడుకుంటున్నాడు. చప్పుడుకు విసుక్కుంటాడు. ఫోన్ నిండినవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. లింబాద్రి చిన్నవి చేసి ఇస్తూనే ఉన్నాడు, కానీ ఆ రెండు గడుల జోలికి పోడు. అసలు ఫైళ్లను వేరే డ్రైవ్‌లో దాచి, ఆ డ్రైవ్‌ను బట్టల మధ్య పెట్టుకుంటాడు. పని మొదలుపెట్టే ముందు, ఇందులో నువ్వు వినేది ఏందని ప్రతివాణ్నీ అడుగుతాడు. మాటలే గదా, ఇంకేముంటది, అని వాళ్లు నవ్వుతారు. గట్టిగా అడిగితే కొందరు చూపు తిప్పుకుంటారు. అప్పుడు ఆ ఫైలును ముట్టుకోడు.

అతని భార్య సంధ్య చదువుకున్న మనిషి. ఏదైనా రెండు ముక్కల్లో రాసి పంపుతుంది, పొదుపుగా, తప్పులు లేకుండా. లింబాద్రి దగ్గర ఆమె రికార్డు ఒక్కటీ లేదు. ఈ మధ్య ఒకనాడు, మాట్లాడకున్నా సరే, పని చేసుకుంటూ ఫోన్ పక్కన పెట్టుకొమ్మన్నాడు. నా మీద నిఘా పెడుతున్నవా అని ఆమె తగువు పెట్టుకుంది. తర్వాత ఏమనుకుందో, కుక్కర్ పక్కన ఫోన్ పెట్టి మూడు విజిళ్లు పంపింది. అది వెక్కిరింపో మరేమిటో అతనికి తెలియదు. దాచుకున్నాడు.

ఇదంతా లింబాద్రి ఒక శుక్రవారం ఆ గదిలోనే కూర్చుని చెప్పాడు. చాయ్ చల్లారిపోయింది. ఇది రాసుకోవడానికి వచ్చిన మనిషి ఫోన్ ఇద్దరి మధ్యలో, నేల మీద, తెర వెలుగుతూ రికార్డు చేస్తోంది. చెప్పడం అయిపోయాక ఆపడానికి ఆ మనిషి చెయ్యి ముందుకు వచ్చింది. లింబాద్రి ఆ చేతిని పట్టుకోలేదు గానీ, తన అరచెయ్యి ఫోన్ పక్కన నేల మీద ఆనించాడు. పైన రేకు కటకటమని, ఆగి, మళ్లీ మొదలైంది.

"నా మాటలు అయిపోయినయి సార్," అన్నాడు. "జరసేపు బంద్ జెయ్యకుండ్రి. ఇంటికి వొయినంక ఈ ఏసీ సప్పుడు వస్తున్నదని తీసెయ్యకుండ్రి."